పంజరంలో పుట్టిందా, పంజరానికి వచ్చిందా? వాటర్ డ్రాగన్ల పెంపకంలో అసలు చిక్కు

విదేశీ పెంపుడు జంతువులు అమ్మే అంగళ్లలో గాజు తొట్టెల మీద చిన్న చీటీలు అంటించి ఉంటాయి. జాతి పేరు, ధర, ఆ పక్కన రెండక్షరాలు. సీబీ అంటే క్యాప్టివ్ బ్రెడ్: మనిషి పెంపకంలో జతకట్టిన జంటకు పుట్టింది. డబ్ల్యూసీ అంటే వైల్డ్ కాట్: అడవిలో పట్టి తెచ్చింది. సీహెచ్ అంటే క్యాప్టివ్ హ్యాచ్డ్: గుడ్డు పగిలింది మాత్రమే మనిషి దగ్గర. మొదటిదానికీ మూడోదానికీ తేడా ఏమిటని అడిగే కొనుగోలుదారు అరుదు. రెండూ 'పెంపకంలో పుట్టినవే' అన్నట్టు వినిపిస్తాయి మరి.

వాటర్ డ్రాగన్ అనే ఆకుపచ్చ బల్లి విషయంలో ఈ తేడా ఇప్పుడు చట్టం దాకా వచ్చింది. 2022 నవంబర్‌లో పనామాలో జరిగిన సైటీస్ సభ్య దేశాల సమావేశంలో చైనీస్ వాటర్ డ్రాగన్‌ను రెండో అనుబంధంలో చేర్చారు. 2023 ఫిబ్రవరి 23 నుంచి అది అమల్లోకి వచ్చింది. సైటీస్ అంటే అంతరించే ప్రమాదం ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారంపై ఒప్పందం. మొదటి అనుబంధంలో ఉన్న జీవుల్ని అడవి నుంచి తెచ్చి దేశం దాటించి వ్యాపారం చేయడం దాదాపు నిషేధం. రెండో అనుబంధం నిషేధం కాదు. వ్యాపారం చేయవచ్చు, కానీ ఎగుమతి అనుమతి ఉండాలి. ఆ ఎగుమతి వల్ల అడవిలోని సంతతికి నష్టం లేదని ఆ దేశపు శాస్త్రీయ సంస్థ తేల్చాలి. దాంతో నిన్నటిదాకా అంగడివాడి నోటిమాటగా ఉన్న 'ఎక్కడ పుట్టింది' అన్న ప్రశ్న కాగితం మీద కోడ్‌గా మారింది.

మన తొండకు దూరపు చుట్టం

పేరులో డ్రాగన్ ఉందని కంగారు పడక్కర్లేదు. వాటర్ డ్రాగన్ అగామిడే కుటుంబానికి చెందిన బల్లి. మన పెరట్లో కంచె మీద కూర్చుని తల పైకీ కిందికీ ఆడించే తొండది కూడా అదే కుటుంబం. ఆ తల ఆడించడం, మెడ ఉబ్బించడం, పక్క మగదాన్ని తరమడం అన్నీ వాటర్ డ్రాగన్‌లోనూ ఉంటాయి. కాకపోతే సైజు వేరు. పెద్ద మగది ముక్కు నుంచి తోక చివరి దాకా 90 సెంటీమీటర్ల వరకు, అంటే మూడడుగులు పెరుగుతుంది. అందులో మూడింట రెండొంతులు తోకే.

ఆ పేరుతో రెండు జాతులున్నాయి. ఒకటి చైనీస్ వాటర్ డ్రాగన్, శాస్త్రీయ నామం ఫైసిగ్నాథస్ కోకిన్సినస్. దక్షిణ చైనా, వియత్నాం, లావోస్, కంబోడియా, థాయ్‌లాండ్ అడవుల్లో వాగుల వెంట ఉంటుంది. రాత్రిళ్లు నీటి మీదికి వంగిన కొమ్మ పట్టుకుని పడుకుంటుంది, అలికిడి అయితే టపీమని నీళ్లలోకి దూకేస్తుంది. రెండోది ఆస్ట్రేలియన్ వాటర్ డ్రాగన్, ఇంటెలగామా లెసూరి. ఇది బూడిద రంగులో ఉంటుంది, ఆస్ట్రేలియా తూర్పు తీరపు ఊళ్లలో పార్కుల్లో కూడా కనిపిస్తుంది. ఒకప్పుడు రెంటినీ ఒకే ప్రజాతిలో కలిపారు, 2012లో విడదీశారు. పెంపకం గురించిన సలహాల్లో ఒకదానికి చెప్పినది ఇంకోదానికి అంటగట్టే తప్పులు చాలావరకు ఈ పాత కలగాపులగం నుంచి వచ్చినవే.

ఇంకో గందరగోళం గ్రీన్ ఇగ్వానాతో. మన నగరాల్లో పెంపుడు బల్లిగా ఎక్కువగా కనిపించేది ఇగ్వానానే. రెండూ ఆకుపచ్చవే, రెంటికీ వీపు మీద ముళ్ల జడ ఉంటుంది. చెవి కింద పెద్ద గుండ్రటి పొలుసు, గొంతు కింద వేలాడే తిత్తి ఉంటే అది ఇగ్వానా. అది ఆకులు తింటుంది. వాటర్ డ్రాగన్‌కు ప్రధానంగా పురుగులు కావాలి. ఒకదాని తిండి ఇంకోదానికి పెడితే కొన్నాళ్లకు రెండూ జబ్బు పడతాయి.

జత కుదరడం, గుడ్డు పెట్టడం

పెంపకం కష్టమా అంటే, గుడ్లు పెట్టించడం అంత కష్టం కాదు. పెట్టిన తల్లిని బతికించుకోవడం కష్టం.

మగ, ఆడ తేడా చిన్నప్పుడు తెలియదు. ఏడాది దాటి శరీరం పెరిగాక మగదానికి తల వెడల్పవుతుంది, దవడలు ఉబ్బుతాయి, మెడ మీద జడ ఎత్తుగా లేస్తుంది, తొడల కింద రంధ్రాల వరుస స్పష్టంగా కనిపిస్తుంది. దాదాపు రెండేళ్లకు పునరుత్పత్తికి సిద్ధమవుతాయి. అయితే వయసు కంటే ఒంటి పుష్టి ముఖ్యం. నెలలు లెక్కపెట్టి చిన్నపాటి ఆడదాన్ని జతకు వదిలితే, గుడ్ల కోసం అది తన ఎముకల్లోని కాల్షియం కరిగించుకుంటుంది.

ఒక తొట్టిలో రెండు మగవి పనికిరావు. కొట్టుకుంటాయి. కొట్టుకోకపోయినా బలహీనమైనది ఎండ దీపం దగ్గరికి రాలేక, తిండి దగ్గరికి రాలేక చిక్కిపోతుంది. దాన్ని చూసి 'సాధువు' అనుకుంటారు యజమానులు. అందుకే ఒక మగ, రెండు మూడు ఆడ అన్నది పెంపకందారుల మామూలు లెక్క. మగది ఆడదాని మెడ వెనక కొరికి పట్టుకుని జతకడుతుంది. ఒకే ఆడది ఉంటే ఆ కొరుకుడంతా దాని మీదే పడి మెడ పుండవుతుంది.

అడవిలో ఇవి జతకట్టేది రుతువును బట్టి. తొట్టిలో రుతువు ఉండదు కాబట్టి దాన్ని తయారు చేస్తారు. కొన్ని వారాలు దీపాలు వెలిగే గంటలు తగ్గిస్తారు, వేడి కాస్త దించుతారు, ఆ తర్వాత వేడి పెంచి, నీళ్లు ఎక్కువగా చిలకరిస్తారు. వాన వచ్చిందని వాటికి అనిపించాలన్నమాట. మామూలు రోజుల్లో ఎండ కాచుకునే చోట 32 నుంచి 35 డిగ్రీలు, గాలిలో తేమ 70-80 శాతం, అల్ట్రావయొలెట్ బీ కిరణాలిచ్చే దీపం ఉంటాయి. ఆ కిరణాలు లేకుంటే చర్మంలో డీ విటమిన్ తయారు కాదు, తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. దవడ మెత్తబడి, కాళ్లు వంకర్లు పోయే ఎముకల జబ్బు పెంపుడు బల్లుల్లో చాలా మామూలు. గుడ్లు పెట్టే ఆడదానికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

గుడ్లు నిండిన ఆడది తిండి తగ్గించి, అటూ ఇటూ తిరుగుతూ నేల గీరడం మొదలుపెడుతుంది. తడి ఇసుక, మట్టి కలిపిన లోతైన గుంట దొరికితే తవ్వుకుని, 5 నుంచి 16 దాకా, ఎక్కువగా 8-12 గుడ్లు పెట్టి, పూడ్చి, పైన తట్టి వెళ్లిపోతుంది. దొరకకపోతే గుడ్లు కడుపులోనే ఆపుకుంటుంది. దీన్నే గుడ్డు అడ్డం పడటం అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. మగదాని పొందు లేకపోయినా ఆడది గుడ్లు పెడుతుందన్నది చాలామందికి తట్టని విషయం. ఫారం కోడి పుంజు లేకుండానే గుడ్డు పెట్టదా, అలాగే. ఒంటరి ఆడదాన్ని పెంచేవాళ్లు 'మాకు పిల్లలొద్దు కదా' అని మట్టిగుంట పెట్టకపోవడం వల్ల చచ్చిపోయిన వాటర్ డ్రాగన్లు తక్కువేం కాదు.

ఇంకో సంగతి. ఈ బల్లులకు గాజు అర్థం కాదు. అవతల చెట్టు కనిపిస్తుంటే అడ్డమేదో ఉందని తెలియక మూతితో పొడుస్తూనే ఉంటాయి. ముక్కు చిట్లి, పుండై, దవడ ఎముక దాకా కుళ్లిపోయిన పెద్దవాటిని పశువైద్యులు తరచూ చూస్తారు. అడవిలో పట్టి తెచ్చిన వాటిలో ఈ అలవాటు మరీ ఎక్కువ. అందుకే తొట్టి గాజు గోడల కింది భాగాన్ని గుడ్డతోనో కాగితంతోనో కప్పుతారు.

రెండు నెలల నిరీక్షణ

గుడ్లు తీసేటప్పుడు పైభాగాన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెడతారు. కోడిగుడ్డును పెట్ట తిప్పుతూ పొదుగుతుంది. బల్లి గుడ్డు అలా కాదు. పిండం లోపలి గోడకు అతుక్కుని పెరుగుతుంది, కొన్ని రోజుల తర్వాత గుడ్డు తలకిందులైతే చనిపోవచ్చు. గుర్తు ఎప్పుడూ పైకే ఉండాలి.

వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజపు పొడిని దాని బరువుకు సమానంగా నీళ్లతో తడిపి, డబ్బాలో నింపి, గుడ్లను సగం దాకా పూడ్చి, ఇంక్యుబేటర్‌లో 28-30 డిగ్రీల దగ్గర ఉంచుతారు. చైనీస్ జాతి గుడ్లు అటూఇటూగా 60 నుంచి 75 రోజుల్లో పగులుతాయి. ఈ గుడ్ల పెంకు కోడిగుడ్డులా గట్టిది కాదు, తోలులా ఉంటుంది. తేమ పీల్చుకుని రోజురోజుకీ ఉబ్బుతుంది. చీకట్లో టార్చి వెనక పెట్టి చూస్తే లోపల ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. పసుపుగా మారి ముడుచుకుపోతే వట్టి గుడ్డు. చివరి రోజుల్లో గుడ్డు మీద సొట్ట పడుతుంది. అది చూసి గాభరాపడి పెంకు కోసి పిల్లను బయటికి లాగేవాళ్లున్నారు. మూతి చివరనున్న గుడ్డు పంటితో పిల్ల తనే పెంకు చీల్చుకుంటుంది. తల బయట పెట్టి, లోపలి పచ్చసొన పూర్తిగా పీల్చుకునేదాకా గంటల తరబడి అలాగే ఉంటుంది. అప్పుడు తొందరపెట్టడమే ప్రమాదం.

పొదిగే వేడి మారితే పిల్ల ఆడో మగో మారుతుందా? ఆస్ట్రేలియన్ జాతిలో మారుతుంది. మధ్యస్థ ఉష్ణోగ్రతల్లో మగవి ఎక్కువ, బాగా తక్కువలోనూ బాగా ఎక్కువలోనూ ఆడవి. ఇది ప్రయోగాల్లో తేలిన విషయం. దాన్ని పట్టుకెళ్లి చైనీస్ జాతికి వర్తింపజేసి 'ఇంత వేడి పెట్టండి, అన్నీ ఆడవే వస్తాయి' అని చెప్పేవాళ్లను నమ్మకపోవడం మేలు. ముందే చెప్పాను కదా, పేరు ఒకటే అయినా ప్రజాతులు వేరు.

ఒకే అంగట్లో మూడు పిల్లలు

ఇక చీటీ మీది అక్షరాల దగ్గరికి వద్దాం. ఒకే రోజు పొదిగిన, చూడటానికి ఒకేలా ఉన్న మూడు పిల్లల్ని ఊహించుకోండి.

మొదటిదాని తల్లిని వియత్నాంలో ఒక వాగు ఒడ్డున రాత్రిపూట టార్చి వెలుగులో పట్టారు. అప్పటికే దాని కడుపులో గుడ్లున్నాయి. ఫారానికి తెచ్చాక పెట్టింది, అక్కడే పొదిగారు. రెండోదాని తల్లిదండ్రులు ఇద్దరూ అడవివే, కానీ చట్టబద్ధంగా తెచ్చి, ఫారంలో జతకట్టించారు. మూడోదాని తల్లిదండ్రులు ఫారంలోనే పుట్టారు, తాతముత్తాతలు అడవివి.

చీటీ మీద మూడింటికీ 'పెంపకంలో పుట్టింది' అని రాసినా భాషాపరంగా అబద్ధం కాదు. సైటీస్ లెక్క వేరు. 1997లో హరారే సమావేశం ఆమోదించిన తీర్మానం 'పెంపకంలో పుట్టినది' అనే మాటకు నిర్వచనం రాసింది. దాని సారం ఇది: తల్లిదండ్రులు మనిషి అదుపులోని చోటే జతకట్టి ఉండాలి, ఆ మూల జంటలను చట్టబద్ధంగా, అడవి సంతతికి నష్టం లేకుండా సేకరించి ఉండాలి, ఏదో అరుదుగా తప్ప అడవి నుంచి కొత్తవాటిని కలుపుతూ పోకూడదు, ఆ ఫారం రెండో తరాన్ని పుట్టించి ఉండాలి, లేదా రెండో తరం కచ్చితంగా వస్తుందని రుజువైన పద్ధతిలో నడుస్తూ ఉండాలి. ఇవన్నీ కుదిరితేనే 'సి' కోడ్. పెంపకంలోనే పుట్టినా ఇవి కుదరనివాటికి 'ఎఫ్'. గుడ్లనో పిల్లల్నో అడవి నుంచి తెచ్చి పెంచితే 'ఆర్'. నేరుగా అడవిదైతే 'డబ్ల్యూ'.

మూడో పిల్ల 'సి'కి సరిపోతుంది. రెండోది సాధారణంగా 'ఎఫ్'. ఆ ఫారం పద్ధతి రుజువైనదైతే 'సి' అని వాదించే వీలుంది. మొదటిది ఏ రకంగానూ 'సి' కాదు, ఎందుకంటే జతకట్టింది అడవిలో. పుట్టుక ఎక్కడ జరిగిందనే దానికంటే జతకట్టడం ఎక్కడ జరిగిందనేదే ఇక్కడ అసలు పాయింట్. అంగట్లో మాత్రం మొదటి రకం పిల్లలే ఎక్కువ, ఎందుకంటే దాని తల్లిని మేపాల్సిన పని ఏడాది పొడవునా లేదు.

లెక్క తేడా కొట్టే చోటు

ఇంత తెలిసినా ఈ బల్లి పెంపకం పెద్ద ఎత్తున ఎందుకు స్థిరపడలేదు? ఒక ఊహా లెక్క వేద్దాం. అంకెలు నేను అనుకున్నవి, నిష్పత్తులు చూడటానికి మాత్రమే.

ఒక మగ, రెండు ఆడ. ఒక్కోటి ఏడాదికి రెండు విడతలుగా పదేసి గుడ్లు. మొత్తం 40. అందులో ముప్పావు వంతు పిల్ల కట్టాయి, 30. వాటిలో నూటికి 80 పొదిగాయి, 24. ఆరు నెలలు బతికి అమ్మకానికి వచ్చినవి మళ్లీ నూటికి 80, అంటే 19. కరెంటు, దీపాలు, మిడతలు, బొద్దింకలు, డాక్టరు కలిపి ఏడాదికి 1,20,000 రూపాయలనుకుంటే, ఒక్కో పిల్లకు పడిన ఖర్చు 6,300 రూపాయలు. ఇదే కాస్త బాగా కుదరని ఏడాదిలో సగమే పిల్ల కట్టి 20, పొదిగినవి 14, మిగిలినవి 10 అయితే ఒక్కోటి 12,000. యజమాని శ్రమకు కూలి వేసుకోనే లేదు.

అడవిలో పట్టినదానికి ఈ ఖర్చుల్లో చాలావరకు లేవు. పట్టినవాడికి ఇచ్చే కొద్దిపాటి సొమ్ము, రవాణా, దారిలో చచ్చేవాటి నష్టం, అంతే. ఇంటి పంజరంలో పుట్టిన పిల్ల ఆ ధరతో పోటీపడలేదు. అందుకే దశాబ్దాల పాటు అమెరికా, యూరప్ అంగళ్లలో చైనీస్ వాటర్ డ్రాగన్ 'మొదటిసారి పెంచేవాళ్లకు చవకైన బల్లి'గా చెలామణి అయింది. ఆ చవకకు కారణం ఎవరూ చీటీ మీద రాయలేదు.

దీని పక్కన బియర్డెడ్ డ్రాగన్‌ను పెట్టి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. అదీ అగామిడే కుటుంబమే, ఆస్ట్రేలియా ఎడారిది. ఆస్ట్రేలియా తన స్థానిక జీవుల వాణిజ్య ఎగుమతిని దశాబ్దాల క్రితమే ఆపేసింది. చవకైన అడవి సరుకు రాకపోవడంతో, అప్పటికే బయటికి వచ్చిన కొద్దిపాటి వాటినే పెంచి, వాటి పిల్లల్ని పెంచి, ఈరోజు ప్రపంచంలో అత్యధికంగా దొరికే పెంపుడు బల్లుల్లో ఒకటిగా మార్చారు. ఆ మొదటివి ఎలా బయటికి వచ్చాయన్నది వేరే కథ, అంత శుభ్రమైనది కాదు. అయినా లెక్క మాత్రం స్పష్టం: పెంపకం స్థిరపడింది అడవి సరుకు ఆగిన చోటే. చైనీస్ వాటర్ డ్రాగన్ విషయంలో కిటికీ మొన్న 2023 దాకా తెరిచే ఉంది.

పెంపకం అడవిని కాపాడుతుందా?

దీనిపై మూడు రకాల వాదనలున్నాయి. మూడింటిలోనూ నిజముంది.

పెంపకందారులు చెప్పేది: కొనేవాళ్లు ఎలాగూ ఉంటారు. వాళ్లకు ఆరోగ్యకరమైన, మనిషికి అలవాటుపడిన పిల్ల దొరికితే అడవిలో పట్టినదాన్ని ఎవరూ కొనరు. అడవిది పరాన్నజీవులతో, చిట్లిన మూతితో, భయంతో వస్తుంది, నెలల్లో చస్తుంది. బియర్డెడ్ డ్రాగన్ వాళ్ల చేతిలోని గట్టి ఉదాహరణ.

అడవుల్లో పనిచేసే పరిశోధకుల అనుమానం వేరు. ఫారం అన్న బోర్డు పెట్టుకుని, అడవి బల్లుల్ని ఫారం బల్లులుగా కాగితాల్లో మార్చి పంపడం తేలిక. ఇది ఊహ కాదు. ఇండోనేషియాలో ఆకుపచ్చ కొండచిలువల మీద 2011లో వెలువడిన అధ్యయనం, ఫారంలో పుట్టినవని చెప్పి ఎగుమతి చేస్తున్నవాటిలో కనీసం 80 శాతం అడవిలో పట్టినవేనని లెక్కగట్టింది. అది కొండచిలువల సంగతి, ఈ బల్లిది కాదు. కానీ దారి అదే, కాగితాలూ అవే. పైగా వియత్నాంలో ఈ బల్లిని పెంపకానికే కాదు, కూరకు కూడా పడతారు. వాగుల వెంట అడవి తరిగిపోతోంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో దీన్ని 'వల్నరబుల్', అంటే ముప్పు పొంచి ఉన్న జాతిగా పెట్టడానికి ఇవన్నీ కలిసిన కారణాలు. పెంపుడు మార్కెట్ ఒక్కటి సర్దుకున్నంత మాత్రాన కూర గిన్నె ఆగదు.

మూడో వాదన జంతు సంక్షేమం వైపు నుంచి వస్తుంది. ఎక్కడ పుట్టినా సరే, మూడడుగుల బల్లి, ఎక్కడానికి ఆరడుగుల ఎత్తు, ఈదడానికి తొట్టి, పదేళ్లకు పైబడిన ఆయుష్షు. అరచేతిలో పట్టే పిల్లను చూసి కొన్నవాళ్లలో ఎంతమంది దీనికి సిద్ధపడతారు? పెంపకం పెరిగి ధర తగ్గితే ఆలోచించకుండా కొనేవాళ్లు పెరుగుతారన్నది వీళ్ల భయం. బియర్డెడ్ డ్రాగన్ ఉదాహరణను వీళ్లు తిరగేసి చూపిస్తారు: చూడండి, ఎన్నిటిని కొని వదిలేశారో అని.

నాకైతే రెండో వాదన దగ్గరే ముడి ఉందనిపిస్తుంది. మొదటిది నిజం కావాలంటే రెండోది తప్పని ఫారాలు రుజువు చేసుకోవాలి. మూల జంటలు ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఎన్ని. ఎన్ని గుడ్లు, ఎన్ని పిల్లలు. 19 పిల్లలు రావాల్సిన ముగ్గురి కాపురంలో 300 పిల్లల్ని అమ్మారంటే మిగతావి ఎక్కడివో అడగడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

మేనరికం కంటే దగ్గరి చుట్టరికం

అడవి నుంచి రాకూడదన్నాం, సరే. మరి రక్తం ఎక్కడి నుంచి? చాలామంది చేసేది ఒకే విడతలో పుట్టిన రెండు పిల్లల్ని కొని, పెద్దయ్యాక వాటినే జతకట్టించడం. అవి అన్నాచెల్లెళ్లు.

మన ఇళ్లలో మేనరికాలు కొత్త కాదు కాబట్టి లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది. మేనబావను చేసుకుంటే పుట్టే బిడ్డలో సగటున 16వ వంతు జన్యువుల రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ప్రతికి నకళ్లు. మేనమామను చేసుకుంటే 8వ వంతు. అన్నాచెల్లెళ్ల జంటలో 4వ వంతు. ఆ పిల్లల్లోనే మళ్లీ జంట కడితే ఇంకా పెరుగుతుంది. చాటుగా ఉన్న లోపాలు బయటపడేది అప్పుడే: పొదగని గుడ్లు, వంకర వెన్నులు, బలహీనమైన పిల్లలు. పిల్ల కట్టకపోతే పెంపకందారు ఇంక్యుబేటర్‌ను తిడతాడు, తేమను తిడతాడు. చుట్టరికం గుర్తుకు రాదు. జంతు ప్రదర్శనశాలలు ఏ జంతువు ఎవరి బిడ్డో రాసిన వంశావళి పుస్తకాలు నిర్వహిస్తాయి. ఇళ్లలో పెంచేవాళ్లలో ఆ రాత అరుదు.

మన దగ్గర దీని సంగతి

ఉడుమును ఇంట్లో పెంచడం నేరమని తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. విదేశీ బల్లుల మీద మాత్రం చాలాకాలం చట్టం మౌనంగానే ఉంది. బ్యాంకాక్ విమానాల్లో సూట్‌కేసుల అడుగున గుడ్డ సంచుల్లో బల్లులు, పాములు దొరికిన వార్తలు చెన్నై విమానాశ్రయం నుంచి తరచూ వినేది ఇందుకే. కస్టమ్స్ దాటేస్తే లోపల అడిగేవాడు ఉండేవాడు కాదు.

2022 డిసెంబర్‌లో ఆమోదం పొంది 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ ఆ ఖాళీని కొంత పూడ్చింది. సైటీస్ జాబితాల్లోని జీవుల కోసం చట్టంలో నాలుగో షెడ్యూల్ పెట్టారు. అందులోని జంతువు దగ్గరున్నవాళ్లు నమోదు చేసుకోవాలి, చేతులు మారినా, పిల్లలు పుట్టినా తెలియజేయాలి. 2024 ఫిబ్రవరి నాటి నియమాల ప్రకారం ఇది కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ అనే వెబ్ పోర్టల్‌లో జరుగుతుంది. మొదటి అనుబంధపు జీవులను పెంచి పిల్లల్ని పుట్టించేవాళ్లకు లైసెన్సు కూడా కావాలి. రెండో అనుబంధపు జీవులకు నమోదే ప్రధానం. ఇక్కడ ఒక తేదీల మెలిక ఉంది. మన చట్టం 2022 డిసెంబర్‌ది, వాటర్ డ్రాగన్ సైటీస్‌లో చేరిక అమలైంది 2023 ఫిబ్రవరిలో. కాబట్టి షెడ్యూల్ తొలి అచ్చు చూసి ఉందనో లేదనో తేల్చేయడం సరికాదు. తర్వాతి సవరణలతో కలిపి చదవాలి. దిగుమతి మాటకొస్తే మెలికేమీ లేదు, సైటీస్ కాగితం లేకుండా దేశం దాటిన బల్లి దొంగ బల్లే.

తండ్రి లేని పిల్ల

వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ జాతీయ జంతు ప్రదర్శనశాలలో ఒక ఆడ వాటర్ డ్రాగన్ మగదాని ఊసు లేకుండా ఏళ్ల తరబడి గుడ్లు పెడుతూ వచ్చింది. వట్టి గుడ్లే కదా అని ఎవరైనా పారేస్తారు. అక్కడి సిబ్బంది ఎందుకైనా మంచిదని పొదగబెట్టి చూశారు. 2016 ఆగస్టులో ఒక గుడ్డు పగిలి ఆడపిల్ల బయటికొచ్చింది. కొన్ని సరీసృపాలు ఎప్పుడో కలిసిన మగదాని వీర్యాన్ని చాలాకాలం దాచుకోగలవు కాబట్టి, నిజంగా తండ్రి లేడా అన్నది జన్యు పరీక్షతో తేల్చాల్సి వచ్చింది. లేడు. మగ లేకుండానే పిండం పెరిగే ఈ పద్ధతిని పార్థెనోజెనెసిస్ అంటారు. ఈ జాతిలో దీనికి తొలి రుజువు 2019లో ప్రచురితమైంది.

ఒంటరి ఆడదాన్ని పెంచేవాళ్లు వెంటనే ఇంక్యుబేటర్ కొనాల్సిన పనిలేదు, ఇది చాలా అరుదు. కానీ చీటీ మీద ఏం రాయాలి? జతకట్టిందే లేనప్పుడు, 'తల్లిదండ్రులు మనిషి అదుపులో జతకట్టి ఉండాలి' అన్న షరతు ఎలా కుదురుతుంది? 1997 నాటి ఆ తీర్మానాన్ని మళ్లీ తెరిచి చూస్తే, అదే వాక్యంలో ఇంకో ముక్క ఉంది: పునరుత్పత్తి అలైంగికమైతే, పిండం పెరగడం మొదలయ్యేసరికి తల్లి మనిషి అదుపులోని చోట ఉంటే చాలు. స్మిత్సోనియన్ పిల్ల పుట్టడానికి 19 ఏళ్ల ముందే ఎవరో ఆ పంక్తి రాసిపెట్టారు.